హైదరాబాద్–డాలస్: పోయేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఇంకో లెక్క

ఫిబ్రవరి 27, 2025, గురువారం, సికింద్రాబాద్

నిన్న శివరాత్రి. జాగారం చేసిన కళ్ళతోనే మా ఆవిడ పొద్దుటినుంచీ పెట్టెలు సర్దుతోంది. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు అన్న నిబంధనకు లోబడి ఆవకాయ, కందిపొడి, మనవడికి జంతికలు, అమ్మాయికి చీరలు అన్నీ కొక్కెం తూకానికి వేలాడదీసి, ఇందులోవి అందులోకి మార్చి, చివరికి నాలుగు పెట్టెలనూ 22 దగ్గర నిలబెట్టింది. డాలస్‌లో అమ్మాయి దగ్గరికి పోయే విమానం రేపు తెల్లవారుజామున 3 గంటల 50 నిమిషాలకు. నాకు పగలంతా తీరికే కనుక ఎన్నాళ్ళనుంచో చేద్దామనుకుంటున్న లెక్క ఒకటి ముందేసుకుని కూర్చున్నాను.

నేను రైల్వేలో బండ్ల రాకపోకలు నడిపించే సెక్షన్ కంట్రోలర్‌గా పనిచేసి విరమించినవాణ్ణి. కంట్రోలర్ బల్ల మీద పరిచే చార్టులో అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు ఉంటాయి. ప్రతి బండీ దాని మీద ఒక ఏటవాలు గీత. గీత ఎంత నిటారుగా ఉంటే బండి అంత వేగంగా నడిచినట్టు, అడ్డంగా సాగితే ఎక్కడో పక్క పట్టాల మీద, లూప్ లైన్లో, నిలబడినట్టు. ఇంతకాలం ఆ గీతలతో కాపురం చేసినవాడికి హైదరాబాద్ నుంచి డాలస్ దాకా గీత ఎలా ఉంటుందో చూడాలనిపించడం సహజమే.

ముందు దూరం. శంషాబాద్ విమానాశ్రయం 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ విమానాశ్రయం 97 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే 175.4. అంటే భూగోళానికి ఒక ఊరు ఇటువైపు, ఇంకో ఊరు దాదాపు సరిగ్గా అటువైపు. గోడకు తగిలించే పటంలో చూస్తే డాలస్ పడమటి దిక్కున ఎక్కడో అట్లాంటిక్ అవతల కనిపిస్తుంది గానీ, మనవడు వదిలివెళ్ళిన గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే ఆ దారం పడమటికి పోనే పోదు. అది నేరుగా ఉత్తరానికి లేచి, ఢిల్లీ మీదుగా హిమాలయాలు, కారకోరం ఎక్కి, కజకిస్తాన్, పడమటి సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి 500 కిలోమీటర్ల చేరువలోంచి అవతలికి జారి, కెనడా మీదుగా టెక్సస్‌లో దిగుతుంది. అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే హైస్కూల్లో నేర్చిన సైన్లు, కొసైన్లతోనే ఈ దూరం కట్టవచ్చు. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు పెట్టి నేను కడితే సుమారు 14,400 కిలోమీటర్లు వచ్చింది.

ఇది ఏకబిగిన ఎగరలేని దూరమేమీ కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు నడిచే విమానం ఆగకుండా 15,300 కిలోమీటర్లకు పైగా పోతోంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మన హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది కూడా, కానీ అది ఎక్కువ కాలం సాగలేదు. ఆ నెలలోనే శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా విమానం తెచ్చారు. దారి దగ్గరే, పోగలిగిన విమానాలూ ఉన్నాయి. అయితే ధ్రువం మీదుగా పోవాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి, ఇంజన్ మొరాయిస్తే దిగడానికి దగ్గరలో విమానాశ్రయం ఉండాలి, టాంకులో ఇంధనం గడ్డకట్టకుండా కనిపెట్టుకుని ఉండాలి. మామూలు జెట్ ఇంధనం మైనస్ 40 డిగ్రీలకే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. వీటన్నిటికీ తోడు ఆ రెండు ఊళ్ళ మధ్యనే రోజూ విమానం నింపడానికి సరిపడా జనం కావాలి. అందుకే మాబోటివాళ్ళం గల్ఫ్‌లో బండి మారుతున్నాం.

మా టికెట్టు దోహా మీదుగా. హైదరాబాద్–దోహా సుమారు 2,900 కిలోమీటర్లు, దోహా–డాలస్ సుమారు 12,750. కలిపితే 15,650. దారం చూపించిన దూరం కంటే 1,250 కిలోమీటర్లు ఎక్కువ. సికింద్రాబాద్‌నుంచి విజయవాడ పోయేవాణ్ణి గుంతకల్లు తిప్పి పంపినట్టుంటుందనుకున్నాను గానీ, లెక్కలో చూస్తే చుట్టు పదిశాతం కూడా లేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం, హైదరాబాద్–దోహా–డాలస్

అర్ధరాత్రికే శంషాబాద్ చేరాం. ఆ వేళకు అక్కడ పగటి సందడి. గల్ఫ్ విమానాలు ఎక్కువగా తెల్లవారుజామునే బయల్దేరడానికి కారణం అటువైపు ఉంది. దోహా, దుబాయి, అబుదాబి విమానాశ్రయాల్లో పొద్దున్నే తూర్పునుంచి వచ్చిన విమానాలు దిగుతాయి, ఆ జనమే రెండు మూడు గంటల తేడాలో యూరప్, అమెరికా విమానాలెక్కుతారు. పెద్ద జంక్షన్లో లింకు రైళ్ళు కలిపే పద్ధతే. అక్కడ పొద్దున్నే దిగాలంటే ఇక్కడ మన నిద్ర చెడాల్సిందే.

చెక్‌ఇన్ వరసలో సగం మంది మా వయసువాళ్ళే. చక్రాల కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రులను చూసి కొందరు యువకులు నవ్వుకున్నారు. కాళ్ళు బాగానే ఉండగా కుర్చీ ఎందుకని వాళ్ళ అభిప్రాయం కావచ్చు. ఇంగ్లీషు రాని తల్లి ఒక్కతే దోహాలో దిగి, గేటు వెతుక్కుని, అవతల ఇమిగ్రేషన్ అధికారి ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలంటే ఆ కుర్చీ తోసే మనిషే ఆమెకు దారి, భాష కూడా. నాకైతే అందులో తప్పేమీ కనిపించలేదు.

విమానం సమయానికే కదిలింది. ముంబయి దాటి అరేబియా సముద్రం మీదుగా ఒమాన్ తీరం పట్టుకుని దోహాలో దిగేసరికి అక్కడి టైము 5 గంటల 50 నిమిషాలు, మన టైము 8 గంటల 20 నిమిషాలు. నాలుగున్నర గంటల ప్రయాణం. మెట్లు దిగుతుండగా సూర్యోదయమైంది. ఆ సమయం, 5 గంటల 57 నిమిషాలు, నోటుబుక్కులో రాసుకున్నాను. ఎందుకో కిందికి పోతే తెలుస్తుంది. హమద్ విమానాశ్రయం నడిమధ్యలో దీపస్తంభానికి చేరగిలబడిన పెద్ద పసుప్పచ్చని ఎలుగుబంటి బొమ్మ దగ్గర అందరిలాగే మేమూ ఫోటో దిగి, పులిహోర పొట్లం విప్పి, 8 గంటల 10 నిమిషాల డాలస్ విమానానికి వెళ్ళాం.

ఇక అసలు ప్రయాణం. కాగితం మీద 16 గంటల 10 నిమిషాలు. విమానం గేటు వదిలిన క్షణంనుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా లెక్కపెట్టే ఈ వ్యవధిలో టాక్సీ మార్గంలో పాకే సమయం, రన్‌వే దగ్గర ఎదురుచూపు, ఆలస్యమైతే సర్దుకోవడానికి పెట్టుకున్న కాస్త ఎక్స్‌ట్రా కూడా ఉంటాయి. మన టైంటేబుల్లో చివరి రెండు స్టేషన్ల మధ్య బండికి అవసరమైన దానికంటే పదీ ఇరవై నిమిషాలు ఎక్కువ ఇచ్చి, మధ్యలో ఎంత ఆలస్యమైనా గమ్యానికి ‘రైట్ టైమ్’ చేర్చే కిటుకు తెలిసినవాణ్ణి కాబట్టి, ఆ మాట చదవగానే పాత మిత్రుడు కనిపించినట్టయింది.

మా సీట్లు కుడివైపు. ముందున్న తెర మీద పటం, ఎత్తు, వేగం, బయటి చలి, మిగిలిన దూరం వస్తుంటాయి. అరగంటకోసారి అవి రాసుకుంటూ నా చార్టు నేను గీసుకున్నాను. మా ఆవిడ మొదటి భోజనం కాగానే దుప్పటి కప్పుకుని పడుకుంది. పక్క సీటులోని ఖమ్మం కుర్రవాడు, అక్కడ మాస్టర్స్ చదువుతున్నాడట, నా గీతలు కాసేపు చూసి, ‘‘అంకుల్, ఇవన్నీ యాప్‌లో వస్తాయి కదండీ’’ అన్నాడు. వస్తాయని నాకూ తెలుసు. అమ్మాయి అక్కడినుంచి యాప్‌లోనే మా విమానాన్ని చూస్తూ కూర్చుంది.

దోహానుంచి డాలస్‌కు దారం బిగిస్తే అది ఇరాక్, తూర్పు తుర్కియే, నల్ల సముద్రం, ఉక్రెయిన్ మీదుగా పోయి, ఓస్లో పక్కనుంచి ఐస్‌లాండ్ తాకి, గ్రీన్‌లాండ్ దక్షిణపు కొస కోసుకుంటూ కెనడాలో దిగుతుంది. ఉక్రెయిన్ గగనతలం 2022 ఫిబ్రవరి 24 నుంచి పౌర విమానాలకు మూసి ఉంది. అందుచేత మా విమానం ఇరాక్, తుర్కియే దాటి నల్ల సముద్రం పడమటి అంచున రుమేనియా మీదికి మళ్ళి, ఉక్రెయిన్ సరిహద్దును కుడిచేతివైపు వదిలేస్తూ పోలండ్ మీదుగా బాల్టిక్ సముద్రం చేరింది. తెర మీద ఉక్రెయిన్ ఉన్నచోట ఒక్క విమానమూ లేదు. చుట్టూ ఉన్న దేశాల మీద మాత్రం కిక్కిరిసిపోయి ఉన్నాయి. సెక్షన్ బ్లాకయితే పక్క లైన్ల మీద ఎంత ఒత్తిడి పడుతుందో చూసినవాడికి ఆ బొమ్మ విడమరచి చెప్పనక్కర్లేదు.

బాల్టిక్ దగ్గర రాసుకున్న అంకెలివి: ఎత్తు 34,000 అడుగులు, బయట మైనస్ 58 డిగ్రీలు, నేల మీద లెక్కకు వేగం గంటకు 806 కిలోమీటర్లు. విమానం గాలిని కోసుకుంటూ పోయే వేగం 900కు పైనే. ఎదురుగాలి వందకు పైగా తినేస్తోంది. తర్వాత ఇంధనం ఖర్చయి బరువు తగ్గేకొద్దీ 36,000కు, ఆపైన 38,000కు ఎక్కింది. బయల్దేరేటప్పుడు లక్ష లీటర్లకు మించి ఇంధనం మోసుకుపోతున్న విమానం ఒక్కసారే అంత ఎత్తుకు ఎక్కలేదు. ఈ అంకెలన్నీ సరిసంఖ్యలే కావడం యాదృచ్ఛికం కాదు: పడమటికి పోయేవి సరిసంఖ్యల ఎత్తుల్లో, తూర్పుకు పోయేవి బేసిసంఖ్యల ఎత్తుల్లో ఎగరాలన్నది నియమం. మన గోదావరి ఎక్స్‌ప్రెస్ విశాఖనుంచి వచ్చేటప్పుడు 12727, తిరిగి పోయేటప్పుడు 12728 అయినట్టే. ఎదురెదురు బండ్లను సరిబేసిగా విడదీయడం రెండుచోట్లా ఉన్నదే, కాకపోతే ఇక్కడ పట్టాల బదులు వెయ్యి అడుగుల గాలి మధ్యలో ఉంటుంది.

ఐస్‌లాండ్ చేరేసరికి బయల్దేరి ఏడున్నర గంటలైంది. ఎడమవైపు కిటికీల్లో సూర్యుడు దోహాలో ఎంత ఎత్తున ఉన్నాడో ఇంచుమించు అక్కడే వేలాడుతున్నాడు. భూమధ్యరేఖ దగ్గర భూమి గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. 60వ అక్షాంశం దగ్గరికొచ్చేసరికి ఆ చుట్టుకొలత సగమైపోయి వేగం 835కు దిగుతుంది. మా విమానం వేగమూ దాదాపు అంతే. అందువల్ల మేము పడమటికి పోతున్నంతసేపూ సూర్యుడు మాతోపాటే నడిచాడు. ఏడున్నర గంటల్లో పొద్దు మూడు గంటలు కూడా ముందుకు జరగలేదు.

గ్రీన్‌లాండ్ వచ్చినప్పుడు విమానంలో చీకటే, అందరి కిటికీలూ మూసి ఉన్నాయి. నాది నాలుగు వేళ్ళ మందాన ఎత్తి చూశాను. తీరం వెంట నల్లని కొండలు, వాటి మధ్యలోంచి సముద్రంలోకి దిగిన మంచు నాలుకలు, నాలుక కొసన విరిగిపడి నీళ్ళలో తేలుతున్న పెళ్ళలు. ఆ తర్వాత అరగంటకు పైగా గీత లేని తెలుపు. మా ఆవిణ్ణి లేపాను. చూసి, ‘‘ఇంత ఉప్పు ఎవరు ఆరబోశారండీ’’ అని మళ్ళీ పడుకుంది.

కెనడా పెద్దది. లాబ్రడార్‌లో అడుగుపెట్టినప్పటినుంచి అమెరికా సరిహద్దు దాకా గడిచిన గంటల గురించి రాయడానికేమీ లేదు; రెండో భోజనం వచ్చింది, నాలుగుసార్లు లేచి నడిచాను, ఖమ్మం కుర్రవాడు మూడు సినిమాలు చూశాడు.

డాలస్‌లో మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలకు దిగాం. అదే శుక్రవారం. హైదరాబాద్‌లో గేటు వదిలింది శుక్రవారం 3 గంటల 50 నిమిషాలకు. గడియారం ప్రకారం పదకొండున్నర గంటల ప్రయాణం; ఒంటి ప్రకారం 23 గంటలు. సరిగ్గా సగం. మిగతా సగాన్ని రెండు ఊళ్ళ సమయాల మధ్యనున్న పదకొండున్నర గంటల తేడా మింగేసింది. అల్లుడుగారు కారు నడుపుతుండగా, డాలస్ పక్కనే అమ్మాయివాళ్ళు ఉండే ఫ్రిస్కో పోయే దారిలో 6 గంటల 20 నిమిషాలకు పొద్దుగుంకింది. దోహాలో 5 గంటల 57 నిమిషాలకు ఉదయించిన సూర్యుడే అది. రెండు ఊళ్ళ గడియారాలకూ తొమ్మిది గంటల తేడా కలుపుకుంటే ఆ రోజు మాకు పగలు 21 గంటలకు పైగా ఉంది.

మార్చి 1 నుంచి 4 వరకు, ఫ్రిస్కో

ఈ రోజులను విడివిడిగా రాయడం కష్టం, ఎందుకంటే అవి విడివిడిగా గడవలేదు. పదకొండున్నర గంటల తేడా అంటే పగలూ రాత్రీ తారుమారు కావడమే. రాత్రి రెండింటికి ఆకలి, మధ్యాహ్నం మూడింటికి నడుస్తూనే నిద్ర. ఒంటిలోని గడియారం రోజుకు సుమారు గంట చొప్పున సర్దుకుంటుందంటారు; ఆ లెక్కన వారం పైనే పట్టాలి. పొద్దున్నే ఎండలో నడవడం ఒక్కటే పనిచేసిన మందు. విమానం దూరాన్ని 23 గంటల్లో దాటించింది గానీ కాలాన్ని దాటడం మాకే వదిలేసింది.

మార్చి 8, శనివారం, డాలస్ విమానాశ్రయం పక్కన

విమానాలు చూద్దామని మనవడు పట్టుబట్టడంతో ఫౌండర్స్ ప్లాజాకు వెళ్ళాం. విమానాశ్రయం అంచున గట్టులాంటి చోట బల్లలు, దుర్భిణులు పెట్టి, టవరుకూ పైలట్లకూ మధ్య జరిగే సంభాషణ వినిపించే స్పీకరు కూడా పెట్టారు. నాకు ఆ స్పీకరు దగ్గరినుంచి కదలబుద్ధి కాలేదు. ఇక్కడ ఏడు రన్‌వేలున్నాయి. 1974లో మొదలైన ఈ విమానాశ్రయం విస్తీర్ణంలో న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ దీవి కంటే పెద్దది. గొంతు పెంచకుండా, ఒక్క మాట వృథా పోనీకుండా, అవతలివాడు తిరిగి చెప్పేదాకా వదలకుండా అంతమందిని దించుతున్నారు. చెప్పిన ఆదేశాన్ని తిరిగి చెప్పించుకోవడం మా కంట్రోల్ ఫోన్లోనూ ఉన్న పద్ధతే.

మనవడు అడిగిన ప్రశ్న మాత్రం రాసిపెట్టుకోదగ్గది. ‘‘తాతయ్యా, భూమి తిరుగుతూనే ఉంటుంది కదా. విమానం గాల్లోకి లేచి ఊరికే నిలబడితే చాలదా? డాలసే కిందికొచ్చేస్తుంది కదా?’’ అన్నాడు. పెద్దవాళ్ళు కూడా దీన్నే ఇంకోరకంగా అడుగుతారు: తూర్పుకు పోయేటప్పుడు త్వరగా చేరడానికి భూభ్రమణమే కారణమా అని. కాదు. భూమితోపాటు దాని మీది గాలీ తిరుగుతోంది, ఆ గాలిలో ఉన్న విమానమూ తిరుగుతోంది. నడుస్తున్న రైలు పెట్టెలో పైకి ఎగిరినవాడు మళ్ళీ అదే చోట దిగుతాడు తప్ప వెనక పెట్టెలో పడడు. అయితే భ్రమణానికి ఇందులో పాత్ర లేకపోలేదు. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి ధ్రువాలవైపు కదిలేటప్పుడు, భూమి తిరుగుడు వల్ల అది తూర్పుకు మళ్ళుతుంది. వేడిగాలి, చలిగాలి ఒరుసుకునే చోట, విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమటినుంచి తూర్పుకు ఒక గాలి నది పారుతూ ఉంటుంది. అదే జెట్ స్ట్రీమ్. చలికాలంలో దాని ఉధృతి ఎక్కువ. దీన్ని ముందుగా గమనించి కొలిచినవారిలో జపాన్‌కు చెందిన ఓయిషి వసబురో ఒకరు. ఆయన 1926లో తన ఫలితాలను ఎస్పరాంటోలో, అంటే అన్ని దేశాలవాళ్ళకూ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన భాషలో, ప్రచురించాడు. ప్రపంచమంతా చదువుతుందని ఆ భాషలో రాశాడట, చదివినవాళ్ళు మాత్రం అరుదు.

మనవడికి ఇదంతా చెప్పలేదు. రైలు పెట్టె మాట చెప్పాను. ‘‘అయితే మీరు వెళ్ళేటప్పుడు గాలి తోస్తుందన్నమాట’’ అని తేల్చేశాడు.

మార్చి 9, ఆదివారం, ఫ్రిస్కో

రాత్రి రెండు గంటలైనప్పుడు ఇక్కడి గడియారాలన్నీ మూడుకు దూకాయి. మార్చి రెండో ఆదివారంనుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అమెరికాలో వేసవి సమయం నడుస్తుంది. అరిజోనాలో చాలాభాగం, హవాయి దీనికి మినహాయింపు. ఫోనులో గడియారం తనంతట తానే మారింది, పొయ్యి మీది గడియారాన్ని అల్లుడుగారు మార్చారు, గుడిలో అభిషేకానికి గంట ఆలస్యంగా వచ్చినవాళ్ళు చాలామందే కనిపించారు. హైదరాబాద్‌కు, ఇక్కడికి తేడా పదకొండున్నర గంటలనుంచి పదిన్నరకు తగ్గింది.

సమయ మండలాలు అమెరికాకు రైళ్ళు ఇచ్చినవే. ఊరికో టైము ఉన్న కాలంలో టైంటేబుల్ వేయలేక అక్కడి రైల్వే కంపెనీలు 1883 నవంబరు 18న తమంతట తాము మండలాలు ఏర్పరచుకుని గడియారాలు దిద్దుకున్నాయి. ప్రభుత్వం దాన్ని చట్టం చేసింది 1918లో. మన దగ్గరా కథ అదే. మద్రాసు సమయాన్ని రైల్వేలు దేశమంతటా వాడాయి, ఆపైన 1906 జనవరి 1 నుంచి 82.5 డిగ్రీల రేఖాంశం ఆధారంగా భారత ప్రామాణిక సమయం వచ్చింది. ఆ రేఖ పోయేది మన కాకినాడ పక్కనుంచే.

మార్చి 16, ఆదివారం, డాలస్

సాయంత్రం 6 గంటల 45 నిమిషాలకు తిరుగు విమానం. అమ్మాయి గేటుదాకా రాలేదు కాబట్టి కన్నీళ్ళన్నీ కారు దిగేచోటే అయిపోయాయి. ‘‘నాన్నా, ఈసారి ఆ లెక్కలు మాని పడుకోండి’’ అంది. తలూపాను. టికెట్టు మీద వ్యవధి 14 గంటల 15 నిమిషాలు. వచ్చేటప్పటికంటే దాదాపు రెండు గంటలు తక్కువ. విమానం అదే రకం, ఊళ్ళు అవే, గ్లోబు మీద దారం అదే. మారింది గాలి, దానితోపాటు దారి.

వచ్చేటప్పుడు ఎదురుగాలిని తప్పించుకోవడానికి ఉత్తరానికి జరిగి ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ మీదుగా వచ్చాం. పోయేటప్పుడు ఆ గాలినే వెతుక్కుంటూ విమానం దక్షిణపు దారి పట్టింది: ఆర్కన్సా, టెనెసీ, పెన్సిల్వేనియా, ఆపైన కెనడా తూర్పు కొసనున్న న్యూఫౌండ్‌లాండ్, అక్కడినుంచి అట్లాంటిక్. సముద్రం మధ్యలో రాడార్ అందని చోట విమానాలను నడపడానికి రోజూ గాలి అంచనాలను బట్టి కొత్తగా ట్రాకులు, అంటే గాలిలో దారులు, వేస్తారు. తూర్పుకు పోయేవాటికి రాత్రి ట్రాకులు న్యూఫౌండ్‌లాండ్‌లోని గాండర్ కేంద్రం వేస్తుంది, పడమటికి పోయేవాటికి పగటి ట్రాకులు ఐర్లండ్, స్కాట్లండ్ కలిసి నడిపే షాన్విక్ కేంద్రం వేస్తుంది. యూరప్ జనం పగలు బయల్దేరి పగలే దిగాలనీ, అమెరికా జనం రాత్రి ఎక్కి పొద్దున్నే దిగాలనీ కోరుకోవడం వల్ల ఆ మహాసముద్రం పగలంతా పడమటికి పోయే డౌన్ లైను, రాత్రంతా తూర్పుకు పోయే అప్ లైను అవుతుంది. సింగిల్ లైన్ సెక్షన్లో క్రాసింగులు పెట్టలేక జుట్టు పీక్కున్న ఎవరినడిగినా ఈ ఏర్పాటు ఎంత హాయో చెబుతారు.

న్యూఫౌండ్‌లాండ్ దాటాక నోటుబుక్కులో రాసిన అంకెలు: ఎత్తు 37,000 అడుగులు, బేసే, నేల వేగం గంటకు 1,104 కిలోమీటర్లు. వచ్చేటప్పటి 806 పక్కన ఇది రాసి కింద గీత గీశాను. ధ్వని వేగం దాటేశామా అని అనుమానం రావచ్చు. దాటలేదు, చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే విమానం ఎప్పటిలాగే 900 మీద పోతోంది, ఆ గాలి మొత్తం 200 వేగంతో మమ్మల్ని మోసుకుపోతోంది.

ఈ గాలి విలువ ఎంతో చెప్పడానికి మంచి ఉదాహరణ ఒకటుంది. ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానం మొదట అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు పోయేది. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది, కానీ గాలి వెనకనుంచి తోయడంతో ప్రయాణం పద్నాలుగున్నర గంటల్లో ముగిసి, పాత దారి కంటే ముందే చేరింది. అందువల్ల రెండు నగరాల మధ్య విమాన ప్రయాణం ఎన్ని గంటలని ఎవరైనా అడిగితే ఎటునుంచి ఎటు, ఏ నెలలో అని ఎదురు ప్రశ్న వేయక తప్పదు. దూరాన్ని 850తో భాగించి చెప్పే జవాబు విజయవాడ, విశాఖల మధ్యయితే సరిపోతుందేమో గానీ ఇక్కడ రెండు గంటలు తేడా కొడుతుంది.

మార్చి 17, సోమవారం, అట్లాంటిక్–దోహా

రాత్రి భోజనం పళ్ళేలు తీసేసి దీపాలు ఆర్పారు, కన్ను మలిగిందో లేదో ఐర్లండ్ దగ్గర తెల్లవారింది. సూర్యుడికి ఎదురెళుతున్నాం కనుక రాత్రి ఏడు గంటలు కూడా లేదు. పగలు కూడా అంతే తొందరగా కరిగింది: ఇంగ్లండ్, జర్మనీ, బాల్కన్ దేశాలు, తుర్కియే, ఇరాక్ ఒకదాని వెనక ఒకటి గడిచిపోయి దోహాలో సాయంత్రం 5 గంటలకు దిగితే, ముప్పావు గంటలో అక్కడ పొద్దుగుంకింది. ఆ సోమవారం మాకు పగలు ఏడున్నర గంటలే. వెళ్ళిన శుక్రవారం మిగుల్చుకున్న వెలుగంతా ఇక్కడ తిరిగి చెల్లించినట్టయింది. మా ఆవిడ సంధ్యాదీపం వేళకు ఫోనులో దీపం బొమ్మ చూసి దండం పెట్టుకుంది.

హైదరాబాద్ విమానం 7 గంటల 45 నిమిషాలకు. పక్కన ఖమ్మం కుర్రవాడి బదులు సూర్యాపేటనుంచి కువైట్ వెళ్ళి పనిచేసే మేస్త్రీ ఒకాయన కూర్చున్నాడు. మా ప్రయాణం ఎన్ని గంటలో అడిగి, ‘‘మాకైతే గంటలు కాదు సార్, ఎన్నేళ్ళకోసారి అన్నదే లెక్క’’ అన్నాడు.

మార్చి 18, మంగళవారం, హైదరాబాద్

తెల్లవారుజామున 2 గంటల 5 నిమిషాలకు దిగాం, టైంటేబుల్‌కు ఇరవై నిమిషాలు ముందు. దోహానుంచి 3 గంటల 50 నిమిషాలు. వెళ్ళేటప్పుడు ఇదే ముక్కకు నాలుగున్నర గంటలు పట్టింది. రెండు విమానాల్లో కూర్చున్న సమయం కలిపితే పోయేటప్పుడు 20 గంటల 40 నిమిషాలు, వచ్చేటప్పుడు 18 గంటల 5 నిమిషాలు. గడియారం లెక్క మాత్రం తిరగబడింది: డాలస్‌లో ఆదివారం సాయంత్రం బయల్దేరి మంగళవారం తెల్లవారుజామున దిగడం వల్ల, నిజానికి 20 గంటల 50 నిమిషాల ప్రయాణం క్యాలెండరులో 31 గంటల 20 నిమిషాలుగా కనిపిస్తోంది. తొందరగా చేర్చిన దిశలోనే రోజులు ఎక్కువ ఖర్చవుతాయి. టికెట్టు కొనేటప్పుడు సెలవు పెట్టేవాళ్ళు చూసుకోవలసింది ఈ అంకెనే.

పుష్పక్ బస్సెక్కి ఇల్లు చేరి ఫోను చేస్తే అక్కడ సోమవారం సాయంత్రం. మనవడు హోంవర్కు చేసుకుంటున్నాడు. ప్రతి ఆదివారం మన టైము రాత్రి ఎనిమిదిన్నరకు మాట్లాడుకోవడం మా అలవాటు. ఇప్పుడు అది వాళ్ళకు తొమ్మిది కాదు, పది అవుతుంది, అప్పటికి వాడు ఈతకు వెళ్ళిపోతాడు. నవంబరు దాకా ఏడున్నరకు మార్చుకున్నాం.